పొలాల మధ్య బీడు, పొదలు పోతే అడవి తేనెటీగలు నిజంగా తగ్గుతాయా?

సాగుబాట
మా పొలం పక్కనున్న నాలుగైదు కమతాలు ఈ మధ్య ఒకే చేతికి వచ్చాయి. గట్లు చదును చేశారు, మధ్యలో ఉన్న పొదలూ మోడులూ పెకలించారు, అంతా కలిపి ఒకటే పెద్ద చెక్క చేశారు. అప్పటి నుంచి మా గుమ్మడి పాదుల్లో పిందె నిలవడం లేదు. ఆడపూలు బాగానే పూస్తున్నాయి. కొద్ది రోజులకే పిందె పసుపు తిరిగి రాలిపోతోంది. సలహా అడిగితే ఒకరు "తేనెటీగల పెట్టెలు తెచ్చి పెట్టుకోండి, సరిపోతుంది" అన్నారు. మరొకరు "అడవి తేనెటీగలు ఉండే చోటే పోయింది, ఆ లోటు పెట్టెలతో తీరదు" అన్నారు. ఇందులో ఏది నిజం?

నల్లతుమ్మెద
రెండోదే నిజం. ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులు ఉన్నాయి. మనుషులు పెట్టెల్లో పెంచేవి వాటిలో వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే. మిగతావాటిలో ఎక్కువ భాగం ఒంటరివి: రాణి ఉండదు, పట్టు ఉండదు. ఆడ ఈగ ఒక్కతే నేలలో సన్నని సొరంగం తవ్వుతుంది, పుప్పొడి మోసుకొచ్చి ఉండ చేస్తుంది, దాని మీద ఒక గుడ్డు పెట్టి ఆ గది మూసేస్తుంది, మళ్ళీ ఇంకో గది మొదలుపెడుతుంది. ఎప్పుడైనా గట్టు మీద వంగి చూడండి. పెన్సిలు దూరేంత రంధ్రం, దాని చుట్టూ పిండిలా రాలిన మట్టి కనిపిస్తే అది చీమల పుట్టే అనుకోకండి. కాసేపు ఆగితే కాళ్ళ నిండా పుప్పొడి అంటుకున్న ఈగ వచ్చి అందులోకి దిగవచ్చు. అలాంటి గట్టును చదును చేస్తే, వచ్చే ఏడాది ఎగరవలసిన పిల్లలు ఆ మట్టిలోనే పోతాయి.

ఇక దూరం సంగతి. చిన్న జాతులు గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి వెళ్ళవు. పెద్ద తుమ్మెదలు కిలోమీటరు దాటగలవు. ఒక ఒంటరి జాతి మీద చేసిన ప్రయోగంలో, మేత 150 మీటర్లు దూరమయ్యేసరికి ఆడ ఈగ కట్టే గదులు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. తల్లి ఈగ బతికే ఉంది, పూల మీద తిరుగుతూనే ఉంది, పిల్లలే తగ్గాయి. పొలాలు కలిపేసిన చోట జరిగేది ఇదే. అందుకే మొదటి ఏడాది ఎవరికీ తేడా తెలియదు.

నాగలిచాలు
మాకు పొద్దుతిరుగుడు పూతకు వస్తే కనుచూపు మేర పూలే. తేనెటీగకు ఇంతకన్నా ఏం కావాలి? గట్టు మీద పిచ్చి మొక్కల్లో ఏముందని అటు పోతుంది? పొద ఉంటే ఎలుకలు చేరతాయి, ఎలుకల వెనక పాములు చేరతాయి. చీకట్లో నీరు పెట్టడానికి వెళ్ళేవాడికి ఆ భయం ఏమిటో తెలుస్తుంది.

నల్లతుమ్మెద
నాగలిచాలు గారూ, మీ పొద్దుతిరుగుడు ఎన్నాళ్ళు పూస్తుంది? రెండు మూడు వారాలు. తర్వాత మిగిలేది మోడు చేలు. తుమ్మెదలాంటి ఈగకు అంతకుముందూ ఆ తర్వాతా నెలల తరబడి తిండి కావాలి. ఒక్క పిల్లను సాకడానికి చాలా ఒంటరి జాతులకు పదుల సంఖ్యలో పూల పుప్పొడి మొత్తం పడుతుంది. పంట పూయని రోజుల్లో అది దొరికేది మీరు పిచ్చి మొక్కలంటున్న వాటి మీదే.

పచ్చకంచె
సాగుబాట గారూ, ముందు ఒక పరీక్ష చేయండి. పొద్దున్నే కొన్ని ఆడపూలకు మగపువ్వు పుప్పొడి మీరే చేత్తో రాసి గుర్తు కట్టండి. అవి నిలిచి మిగతావి రాలితే లోటు ఈగలదే. అవి కూడా రాలితే నీరో, ఎరువో, తెగులో చూసుకోవాలి. గుమ్మడి పువ్వు మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది, ఆలస్యం చేయకండి.

లెక్కలమనిషి
ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నారు. నివాసం మొత్తం విస్తీర్ణం తగ్గడం ఒకటి. ఉన్న విస్తీర్ణమే ముక్కలుగా చీలడం మరొకటి. పది ఎకరాల పొద ఐదు ఎకరాలైతే నష్టమే, ఎవరూ కాదనరు. కానీ అదే పది ఎకరాలు ఒకేచోట కాకుండా పది ముక్కలుగా ఉంటే నష్టమా? కెనడా శాస్త్రవేత్త లెనోర్ ఫారిగ్ 2003 నుంచీ అడుగుతున్న ప్రశ్న ఇది. విస్తీర్ణం ప్రభావాన్ని పక్కనపెట్టి ముక్కలవడాన్ని మాత్రమే కొలిచిన 118 అధ్యయనాలను ఆమె 2017లో సమీక్షించారు. స్పష్టమైన ప్రభావం కనిపించిన చోట్ల 76 శాతం జీవులకు అనుకూలంగానే ఉంది. తేనెటీగల మీద 2009లో వచ్చిన సమగ్ర విశ్లేషణ కూడా, సహజ నివాసం బాగా అడుగంటిన చోట్లే నష్టం గట్టిగా కనిపించిందని తేల్చింది. "ముక్కలైంది, పోయింది" అనే ముందు ఇవి చూడాలి.

తేనెపెట్టె
మందుల సంగతి ఎవరూ ఎందుకు ఎత్తరు? పూత మీద పట్టపగలు పిచికారీ చేస్తే ఏ గట్టు ఉండి ఏం లాభం? నా పెట్టెల్లో సగం అలాగే పోయాయి. మర్నాడు పెట్టెల ముందు ఈగలు చేటలకెత్తేంత రాలి ఉన్నాయి. మందు కొట్టినవాడు ముందు రోజు ఒక్క మాట చెప్పి ఉంటే ద్వారాలు మూసుకునేవాణ్ణి. నష్టం ఎవరిస్తారని అడిగితే "మీ ఈగలను మా చేలోకి ఎవరు రమ్మన్నారు" అన్నాడు.

నల్లతుమ్మెద
లెక్కలమనిషి గారూ, ఫారిగ్ లెక్క అన్ని రకాల జీవులనూ కలిపి చేసినది. దాని మీద 2018లో ఇతర శాస్త్రవేత్తలు గట్టిగానే అభ్యంతరం చెప్పారు, అది మీరు రాయలేదు. తేనెటీగకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఫలదీకరణ జరగని గుడ్డు మగది అవుతుంది, జరిగినది ఆడది అవుతుంది. లింగాన్ని నిర్ణయించే జన్యువు రెండు ప్రతులూ ఒకే రకానివైతే మాత్రం ఆడది కావలసిన గుడ్డు కూడా మగదే అవుతుంది, అదీ సాధారణంగా సంతానం కనలేని మగది. దూరంగా విడిపోయిన చిన్న గుంపులో దగ్గరి బంధువుల మధ్య జతలు పెరిగేకొద్దీ ఇలాంటి మగవి పెరుగుతాయి, ఆడవి తగ్గుతాయి, గుంపు ఇంకా చిన్నదవుతుంది. పక్షికీ, ఎలుకకూ ఈ చిక్కు లేదు. ఇది ముక్కలవడం వల్ల కాదంటారా?

తేనెపెట్టె గారి బాధ న్యాయమైనది. స్వీడన్‌లో చేసి 2015లో వెలువరించిన పరీక్షలో, మందు పట్టించిన విత్తనంతో వేసిన ఆవజాతి నూనెగింజల చేలల్లో అడవి తేనెటీగల సాంద్రత పడిపోయింది, ఒంటరివి గూళ్ళు కట్టడం తగ్గింది. పెట్టెల్లో పెంచే ఈగల మీద మాత్రం స్పష్టమైన ప్రభావం కనబడలేదు. అంటే పెట్టెలు బాగున్నాయి కదా అని ధీమాగా ఉండడానికి లేదు.

తేనెపెట్టె
నా పెట్టెల మీద ప్రభావం లేదంటారా? వచ్చి చూడవలసింది.

లెక్కలమనిషి
మీరు చెప్పినది గుంపు ఒంటరి కావడం. ముక్కలు దగ్గర దగ్గరగా ఉంటే ఒంటరితనం ఎక్కడిది? నా మాటనే బలపరిచారు. 2019లో ఐరోపా, ఉత్తర అమెరికాల్లోని ఎనిమిది ప్రాంతాల ఫలితాలు వచ్చాయి: పొలం సగటు పరిమాణం 5 హెక్టార్ల నుంచి 2.8 హెక్టార్లకు తగ్గితే జీవవైవిధ్యానికి కలిగే మేలు, సహజ నివాసం 0.5 శాతం నుంచి 11 శాతానికి పెరిగినంత. సాగుబాట గారి పక్కన జరిగినది దానికి పూర్తిగా తలకిందులు. అక్కడ పోయినవి గట్లు. ముక్కలు కావడం వల్ల పోలేదు, ముక్కలు లేకుండా పోవడం వల్ల పోయాయి.

నాగలిచాలు
చిన్న పొలాలే మేలని రాయడం తేలిక. ఇరుకు మళ్ళలో ట్రాక్టరు మలుపుకు పోయే సమయం, నూనె ఎవరి ఖాతాలో రాయాలి? ఇంత రాశారు, ఎకరానికి దిగుబడి ఎంత పెరుగుతుందో ఒక్కరూ చెప్పలేదు.

నల్లతుమ్మెద
చెబుతాను. కోస్టారికా కాఫీ తోటలో కొలిచిన ఫలితాలు 2004లో వచ్చాయి: అడవికి సుమారు కిలోమీటరు లోపల ఉన్న మొక్కల్లో దిగుబడి 20 శాతం ఎక్కువ. 2013లో ప్రపంచవ్యాప్తంగా 41 పంటల సాగు పరిస్థితులను పరిశీలించారు. అడవి కీటకాలు ఎక్కువగా వాలిన ప్రతిచోటా కాయ కట్టడం పెరిగింది. పెంపుడు తేనెటీగల రాక వల్ల అలా స్పష్టంగా పెరిగినవి 14 శాతమే. వంగ, టమాటా పువ్వునైతే అదిరించి పుప్పొడి రాల్చాలి. తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుంకారం చేస్తే పుప్పొడి జలజల రాలుతుంది. పెట్టెలోని ఈగకు ఆ విద్య రాదు.

చిరుజల్లు
వంగ పువ్వు మీద ఆ ఝుంకారం నేనూ విన్నాను. మామూలుగా ఎగిరేటప్పటి చప్పుడు కాదు, వేరే శ్రుతి.

లెక్కలమనిషి
దిగుబడి వాదాన్ని అంతగా నమ్ముకోకండి. 2015లో వచ్చిన విశ్లేషణ ప్రకారం పంటల మీద వాలే అడవి తేనెటీగల్లో దాదాపు 80 శాతం, ఉన్న జాతుల్లో కేవలం 2 శాతానివి. అవి సాధారణమైనవి, తట్టుకోగలిగినవి. దిగుబడే లెక్క అయితే ఆ కొన్నింటిని చూసుకుంటే చాలు.

నల్లతుమ్మెద
మిగతా 98 శాతం పోయినా ఫరవాలేదా? వాటిలో కొన్ని జాతుల్లో ఒక్కోటి ఒకటి రెండు రకాల మొక్కల మీదే బతుకుతుంది. ఆ మొక్క చాలాచోట్ల గట్టు మీద తప్ప మిగలలేదు. మనకు కాయ కాయించలేదు కాబట్టి దాని బతుకుకు విలువ లేదనడానికి మనమెవరం? రైతుకు లాభం చూపించి ఒప్పించాలని ఇంతసేపూ లెక్కలు చెప్పాను. నాకు అది లాభనష్టాల సంగతి కాదు. అవి ఉండాలి. అంతే.

నాగలిచాలు
ఇప్పుడు బయటపడింది అసలు మాట. మీకు కావలసింది నా దిగుబడి కాదు, ఆ ఈగ. అది మొదటే చెప్పి ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు.

నా సంగతి చెబుతాను. నేను దున్నే భూమి నాది కాదు, కౌలుది. ఒక ఏడాది చేను అంచున పొద పెరిగితే కొట్టకుండా వదిలేశాను. మీలాగే ఎవరో చెబితే విన్నాను. యజమాని వచ్చి చూసి "నీకు ఒళ్ళు వంగడం లేదు, భూమి పాడుపెడుతున్నావు" అని మరుసటి ఏడాది ఆ చెక్క ఇంకొకరికి ఇచ్చాడు. వాళ్ళు వచ్చిన వారంలో అంచు వరకూ దున్నారు. ఈగలూ పోయాయి, నా కౌలూ పోయింది. పొద పెరిగి పూతకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది, నా ఒప్పందం ఏడాదికొకసారి. చేను అంచున ఐదు మీటర్ల పట్టీ వదలమని చెప్పేవాళ్ళలో ఒక్కరైనా ఆ పట్టీకి కౌలు ఎవరు కడతారని అడిగారా? ఈగలను తరిమింది నేను కాదు. గట్టు మీద నాకు హక్కు లేదు, నింద మాత్రం నా మీద.

నిర్వాహకులు
తేనెటీగల గురించి, పొలాల గురించి ఎంత గట్టిగానైనా వాదించండి. ఎదుటివారి ఉద్దేశాల జోలికి వెళ్ళకండి.

సాగుబాట
పచ్చకంచె గారు చెప్పినట్టు చేశాను. చేత్తో పుప్పొడి రాసినవాటిలో చాలావరకు నిలిచాయి, పక్కవి రాలాయి. లోటు ఈగలదే. మిగిలిన గట్టు ఒక్కటే, అది నాదే. అందులో ఏం చేయవచ్చు?

పచ్చకంచె
గట్టు తవ్వకండి, కలుపు మందు కొట్టకండి. ఎండిన మోడు ఉంటే ఉంచండి, తుమ్మెద దాన్ని తొలిచి గూడు కడుతుంది. పాదుల చుట్టూ లోతుగా దున్నకండి. నేలలో గూడు పెట్టే ఈగలు కొన్ని ఆ పాదుల కింద కూడా ఉండవచ్చు. వేర్వేరు నెలల్లో పూసే మొక్కలు నాలుగైదు రకాలు ఉండనివ్వండి.

తేనెపెట్టె
మందు ఏ పూట కొడుతున్నారో పక్కవాళ్ళను అడిగి తెలుసుకోండి. లేకపోతే మీ గట్టు మీది పూలలోకీ అదే మందు చేరుతుంది.

నల్లతుమ్మెద
నాగలిచాలు గారూ, మీ కౌలు పోవడం అన్యాయం. ఆ పట్టీ ఖర్చు సాగుదారు ఒక్కడి మీద పడకూడదు, ప్రజాధనం నుంచి రావాలి. ఐరోపా సమాఖ్యలో 1992 సంస్కరణల నుంచి ప్రతి సభ్యదేశమూ ఇలాంటి పనులకు రైతులకు చెల్లించే పథకాలు పెట్టవలసి వచ్చింది. అయినా ఒక మాట: డబ్బు వచ్చేవరకూ ఆగమని ఆ ఈగకు చెప్పలేం. గూడు పోయిన ఏడాదే దాని సంతానమూ పోతుంది.

లెక్కలమనిషి
ఆ చెల్లింపులు పట్టీల వెడల్పును బట్టి కాకుండా, చుట్టుపక్కల కిలోమీటరు మేర మొత్తం ఎంత నివాసం మిగిలిందో చూసి ఇవ్వాలి. లేకపోతే ఎడారి మధ్యలో పూలపట్టీకి చెల్లించినట్టే.

నాగలిచాలు
ఎంత మేర చూస్తారో మీ ఇష్టం. డబ్బు పట్టాదారు పేరున వెళుతుందా, దున్నేవాడి పేరున వెళుతుందా, అది చెప్పండి. పట్టాదారు పేరున అయితే ఆయన డబ్బు తీసుకుని ఆ పట్టీకి కూడా నా దగ్గర కౌలు అడుగుతాడు. దున్నేవాడి పేరున ఇచ్చి, ఒప్పందం కనీసం ఐదేళ్ళు ఉండేలా చేస్తే పొద నేనే నాటుతాను. అప్పటివరకూ అంచు వరకూ దున్నుతాను.