మోరిస్ మైనర్ టూరర్: గతుకుల్లో బాడీ మెలి తిరుగుతోంది, అడుగున యాంగిల్ వేస్తే ఆగుతుందా?

గుడ్డటాప్_1959

అందరికీ నమస్కారం. 1959 మోరిస్ మైనర్ 1000, గుడ్డ టాప్ టూరర్. బీచ్ రోడ్డు మీద బాగానే పోతుంది. గాజువాక వైపు గతుకులు తగిలితే స్టీరింగ్ ఒకలా, డ్యాష్‌బోర్డు ఇంకోలా వణుకుతాయి. ఒక వెనక చక్రం గట్టు ఎక్కిందంటే డ్రైవర్ వైపు తలుపు బిగుసుకుపోయి తెరుచుకోదు. తలుపుల కింద సిల్స్‌కి పాత అతుకులు, వాటి మీద పుట్టీ ఉన్నాయి. షెడ్డులో "అడుగున రెండు యాంగిల్ (L ఆకారపు ఇనుప పట్టీ) ముక్కలు పెట్టి ఆర్క్ వెల్డింగ్ కొట్టేద్దాం" అంటున్నారు. ముందు ఏం చూడాలి? ఎంత మందం రేకు, ఏ వెల్డింగ్?

కంచరపాలెం_టింకరింగ్

యాంగిల్ మాట పక్కన పెట్టండి సార్. ముందు కొలత తియ్యాలి, లేకపోతే పనయ్యాక బాగుపడిందో లేదో ఎవరూ చెప్పలేరు.

సమంగా ఉన్న గచ్చు మీద కారు నిలిపి, టైర్లలో గాలి సరిచేసి, తలుపులు మూయండి. తలుపు వెనక అంచు దగ్గర సందు పైన ఎంత, కింద ఎంత అన్నది ఫీలర్ గేజ్‌తో గానీ డ్రిల్ బిట్ల కాడలతో గానీ కొలిచి రాసుకోండి. తర్వాత వెనక యాక్సిల్ కింద, కమాన్ పట్టీ దగ్గర జాకీ పెట్టి ఆ ఒక్క చక్రాన్ని 100 మి.మీ. లేపి మళ్లీ కొలవండి. రెండో వైపు కూడా అంతే. తేడా 1 మి.మీ. లోపు ఉంటే టాప్ లేని కారుకి పరవాలేదు. 3 మి.మీ. దాటినా, తలుపు పట్టేసినా సిల్ పని చెయ్యడం లేదన్నమాట.

తలుపు సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. ఆడితే బందుల పిన్నులు అరిగాయి, ఆ తప్పు బాడీది కాదు. ఏదో ఒక వేగం దగ్గరే వణుకు వస్తే చక్రాల బ్యాలెన్సింగ్ చూపించండి. లీవర్ షాక్ అబ్జార్బర్లలో నూనె తగ్గినా గతుకులన్నీ బాడీకే తగులుతాయి.

ఇవి తేలాక అయస్కాంతంతో పుట్టీ ఎక్కడెక్కడ ఉందో చూసి గీకించండి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాల్సినవి: సీట్ల కింద అడ్డ మెంబర్ (అడుగున అడ్డంగా ఉండే దూలం) రెండు చివరలు, సిల్ అడుగు, ముందు స్తంభం పాదం, వెనక కమాన్ పట్టీల ముందు కొసలు బాడీకి బిగించే హ్యాంగర్లు. సముద్రపు గాలికి ఇవి లోపలి నుంచే తుప్పు పడతాయి, పైన రంగు మెరుస్తూనే ఉంటుంది.

ఉక్కునగరం_స్ట్రక్చర్స్

యాంగిల్ ఎందుకు వద్దో లెక్కతో చెప్తాను. 1.2 మి.మీ. రేకుతో 100×50 మి.మీ. మూసిన పెట్టె ఉందనుకోండి. మెలికను తట్టుకునే శక్తిని చూపే జె విలువ సుమారు 4,00,000 (మి.మీ.⁴) వస్తుంది. అదే పెట్టెకి ఒక అతుకు పొడవునా ఊడితే 173. అంటే రెండు వేల రెట్లు పైగా పోయింది! చివరలు బాడీకి అంటుకుని ఉంటాయి కాబట్టి కారులో పతనం ఇంత ఘోరంగా ఉండదు గానీ, దారి అదే. 40×40×5 యాంగిల్‌ది కేవలం 3,100 చిల్లర. బరువు పెరుగుతుంది, మెలిక అలాగే ఉంటుంది. సిల్‌ని మళ్లీ పూర్తిగా మూసిన పెట్టెగా చెయ్యడమే అసలు మందు.

పెట్రోల్ ట్యాంకు దింపి, బ్యాటరీ తీసి, కార్పెట్లు ఊడదియ్యండి. బరువు చక్రాల మీద ఉన్నట్టే ఉండాలి, అంటే స్టాండ్లు యాక్సిల్ కింద, ముందు సస్పెన్షన్ ఆర్మ్‌ల కింద. బాడీ మధ్యలో పెడితే రెండు కొసలూ వాలిపోయి, ఆ వంకరలోనే వెల్డ్ అయిపోతుంది. తలుపులు బిగించి సందులు సరిగ్గా ఉన్నాయని చూసుకుని, లోపలి వైపు ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి 25×25×2 చదరపు పైపు, ఎడమ, కుడి స్తంభాల మధ్య అడ్డంగా ఇంకోటి టాక్ చెయ్యండి, అంటే చిన్న చుక్కలతో తాత్కాలికంగా అతికించండి. అప్పుడే కోత. ఒక వైపు మొత్తం పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి.

లోపలి సిల్, మధ్య పలక 16 గేజ్ (1.6 మి.మీ.) సీఆర్ షీటు, అంటే కోల్డ్ రోల్డ్ రేకు, బయటిది 18 గేజ్ (1.2 మి.మీ.). 0.8 మి.మీ. వైరుతో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వాడే మిగ్) వెల్డింగ్. పై రేకుకి 8 మి.మీ. రంధ్రాలు పెట్టి, వాటిని నింపుతూ కింది రేకుకి అతికే ప్లగ్ వెల్డ్, 40 మి.మీ.కి ఒకటి. అంచులకి 25 మి.మీ. చొప్పున, పక్కపక్కనే కాకుండా దూరదూరంగా వేస్తూ, రేకు చెయ్యి పెట్టగలిగేంత చల్లారనివ్వాలి. ప్రతి విడత తర్వాత తలుపు తెరిచి మూసి చూడాలి. 18 గేజ్ మీద మామూలు ఆర్క్ రాడ్ రంధ్రాలు చేస్తుంది, గ్యాస్ వెల్డింగ్ వేడికి రేకు అలలు తేలుతుంది.

అడ్డ మెంబర్ కొయ్యాల్సి వస్తే జాగ్రత్త. ముందు సస్పెన్షన్‌కి స్ప్రింగుల్లా మెలితిరిగి పనిచేసే టార్షన్ బార్ల వెనక కొసలు దానికే బిగించి ఉంటాయి. ఆ బార్ల మెలిక వదిలించకుండా కోస్తే ప్రాణాలకే ప్రమాదం.

గుడ్డటాప్_1959

చాలా థాంక్స్ అండి. కొలిచాను: డ్రైవర్ వైపు పైన 4.5 మి.మీ. తేడా, రెండో వైపు 2. అడ్డ మెంబర్ కుడి చివరలో స్క్రూడ్రైవర్ దిగబడింది. డ్యాష్‌బోర్డు కింద స్తంభం మూలల్లో మాత్రం బలపరిచే పలకలేవీ కనిపించడం లేదు. ముందు సస్పెన్షన్ రెండు స్ట్రట్‌ల పై కొసలని కలిపే స్ట్రట్ బార్ పెడితే లాభమా?

భీమిలి_క్లాసిక్స్

ఆ పలకలు లేకపోవడం పెద్ద విషయం. కంపెనీ టూరర్‌కి సెడాన్‌లో లేని బలం సిల్స్‌లోనూ తలుపు స్తంభాల దగ్గరా అదనంగా ఇచ్చింది. మీది సెడాన్ టాప్ కోసి చేసిన కారైనా అయ్యుండాలి, లేదా ఆ పలకల్ని ఎవరో కోసి పారేసి ఉండాలి. ఛాసిస్ నంబరు ప్లేటు, ఆర్‌సీలో బాడీ రకం సరిపోల్చండి. ఏదైనా సరే, సిల్ తర్వాత ఆ మూలలు చెయ్యకపోతే డ్యాష్‌బోర్డు వణుకు పూర్తిగా పోదు. స్తంభానికీ ఫైర్‌వాల్‌కీ మధ్య అంచులు మడిచిన 2 మి.మీ. పలకను మూడు వైపులా అతికించాలి.

స్ట్రట్ బార్ దండగ. మైనర్ ముందు భాగంలో స్ట్రట్‌లే లేవు. వెనక సీటు వీపు వెనక, రెండు చక్రాల తొట్ల మధ్య 25×25×2 పైపుతో ఇంటూ ఆకారపు బ్రేస్ వేస్తే ప్రయోజనం ఉంటుంది. వెల్డ్ వద్దు, 8.8 గ్రేడ్ ఎం8 బోల్టులు, ప్రతిచోటా రేకు వెనక 75×75×3 పలక. పలక లేకపోతే బోల్టు చుట్టూ రేకు చిరుగుతుంది.

బోల్టులెందుకంటే, 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకి వింటేజ్ రిజిస్ట్రేషన్, 'వీఏ' అక్షరాలుండే ప్రత్యేక నంబరు కావాలంటే ఛాసిస్‌లోగానీ బాడీలోగానీ మార్పు ఉండకూడదు. పాత ఆకారంలోనే సిల్ మార్చడం మరమ్మతు. కొత్త పైపు వెల్డ్ చేస్తే దాన్ని మార్పుగా చూడవచ్చు.

కంచరపాలెం_టింకరింగ్

ఒక మాట మిగిలింది. అతుకులయ్యాక పెట్టె లోపల పచ్చి రేకు వదిలేస్తే మన విశాఖ తేమకి మళ్లీ ఇదే కథ. రేకులు కలిసే అంచులకి ముందే జింక్ ప్రైమర్ పూయండి, ప్లగ్ పడే చోట మాత్రం గీకెయ్యండి. సిల్ అడుగున 10 మి.మీ. నీటి రంధ్రాలు మూడైనా ఉంచాలి. రంగు బాగా ఆరాక పొడవాటి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (పెట్టె లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టించండి, ఆ రంధ్రాల్లోంచి బొట్లు కారేదాకా. పాడైన ఇంజిన్ ఆయిల్ పొయ్యమంటారు, వద్దు సార్, రబ్బరు బీడింగు ఉబ్బిపోతుంది, ఆయిల్ కూడా కారిపోతుంది. వ్యాక్స్ గడ్డకట్టి రంధ్రాలు పూడకుండా తీగతో పొడిచి, మళ్లీ అదే 100 మి.మీ. జాకీ కొలత తీసి ఇక్కడ పెట్టండి.