రాసేవాళ్లు ఆలోచనల్ని ఎలా సర్దుకుంటారు? నావి నాలుగు చోట్ల పడున్నాయి

నీలిసిరా:

అందరికీ నమస్తే. నేను కథలు రాస్తాను, మధ్యమధ్యలో వ్యాసాలు కూడా. ఉద్యోగం చేసుకుంటూ రాయడం కాబట్టి రోజూ కూర్చునేది ఒక గంట, మహా అయితే గంటన్నర. ఆలోచనలు మాత్రం ఆ గంటలో రావు. బస్సులో వస్తాయి, మీటింగులో వస్తాయి, నిద్ర పట్టే ముందు వస్తాయి.

వచ్చినవాటిని పోనివ్వను. ఫోన్లో నోట్స్ యాప్ ఉంది, వాట్సాప్‌లో నాకు నేనే పంపుకునే మెసేజ్‌లున్నాయి, నడుస్తూ చేసిన వాయిస్ రికార్డింగులున్నాయి, బ్యాగులో చిన్న నోట్‌బుక్ ఉంది. చిక్కంతా రాయడానికి కూర్చున్నప్పుడే. ఫలానా పాత్రకి ఒక మంచి మాట రాసి పెట్టుకున్నానని గుర్తుంటుంది, ఎక్కడ రాశానో గుర్తుండదు. వెతుకుతూ కూర్చుంటే ఉన్న గంటా అయిపోతుంది. పోనీ కొత్తగా రాద్దామంటే ఆ పాత మాటే బాగుందేమోనని మనసు అటే లాగుతుంది.

ఇప్పుడు మొదటిసారి నవల మొదలుపెట్టాను. ఒకే ఇంట్లో మూడు తరాల కథ. కథకైతే ఎలాగో నెట్టుకొచ్చాను గానీ నవలకి ఇలా కుదరదని అర్థమైంది. మీరెలా సర్దుకుంటారు? యాప్ పేరు చెప్పినా సరే, అంతకంటే మీరు నిజంగా ఏం చేస్తారో చెబితే ఎక్కువ ఉపయోగం.

గీతలమ్మాయి:

నేను రాయను, పుస్తకాలకి బొమ్మలు గీస్తాను. నాకు పనికొచ్చింది ఒక్కటే: ఒక్కో పనికి ఒక్కో అట్టపెట్టె. కొత్త పని ఒప్పుకున్న రోజే పెట్టె తీసి మీద పేరు రాసేస్తాను. చించుకున్న కాగితం, రంగు నమూనా, పక్కన పెట్టేసిన గీతలు, రచయిత పంపిన ఉత్తరం, అన్నీ అందులోకే. అమెరికన్ నృత్య దర్శకురాలు ట్వైలా థార్ప్ తన ప్రతి నృత్యానికీ ఇలా ఒక పెట్టె పెట్టుకుంటారని చదివి మొదలుపెట్టాను. పని మధ్యలో ఆగిపోయి నెలల తర్వాత తిరిగొచ్చినా, మూత తీస్తే ఎక్కడ వదిలానో తెలిసిపోతుంది.

చిత్తుప్రతి:

నీలిసిరా గారూ, ఆలోచనలు నాలుగు చోట్ల పడటం గురించి మీరు దిగులు పడకండి. పడనివ్వండి. చేతికి ఏది దగ్గరగా ఉంటే దాంట్లో రాయడమే సరైన పని. మీ దగ్గర లేనిది ఆ తర్వాతి అడుగు. రాసి పడేసినదాన్ని మళ్లీ తీసి, దాని చోటికి దాన్ని చేర్చే వేళ ఒకటి ఉండాలి. నాకది ఆదివారం పొద్దున. ఫోను, నోట్‌బుక్కు, రికార్డింగులు ముందేసుకుని ఆ వారంలో పడ్డవన్నీ ఒక్కొక్కటే చదువుతాను, వింటాను, చేత్తో ఎత్తి రాస్తాను. కాపీ పేస్టు చెయ్యను. ఎత్తి రాసేటప్పుడే సగం ముక్కలు వాటంతట అవే రాలిపోతాయి. మిగిలినవి మనసులో కూర్చుంటాయి, అందుకే తర్వాత వెతకాల్సిన పని బాగా తగ్గుతుంది.

ఇక చేర్చడం ఎక్కడికి? చాలామంది విషయాన్నిబట్టి విడదీస్తారు: ప్రేమ, చావు, ఊరు, బాల్యం. నాకది ఎప్పుడూ నచ్చలేదు. చావు అనే ఫోల్డరు తెరిచి ఎవరూ కథ రాయరు. నేను ప్రతి ముక్కనీ ఒకటే అడుగుతాను: నువ్వు ఏ పనిలోకి వెళ్తావు? నవలలోకా, రాస్తున్న వ్యాసంలోకా, ఇంకా మొదలుపెట్టని ఆ కథలోకా? పైన గీతలమ్మాయి గారు చెప్పిన పెట్టె ఇదే.

చార్లెస్ డార్విన్ తన ఆత్మకథలో పని పద్ధతి గురించి కొంచెం రాసుకున్నాడు. ఒకేసారి చాలా విషయాల మీద పనిచేసేవాడు కాబట్టి ముప్పై నలభై పెద్ద పోర్ట్‌ఫోలియోలు పెట్టుకుని, బీరువాలో చీటీలు అంటించిన అరల్లో ఉంచేవాడట. దొరికిన కాగితం దొరికినట్టు వెంటనే దాని పోర్ట్‌ఫోలియోలోకి వెళ్లిపోయేది. కొన్న పుస్తకాల చివర, తన పనికొచ్చే సంగతులు ఏ పేజీలో ఉన్నాయో సూచిక రాసుకునేవాడు. ఏదైనా విషయం మీద రాయడానికి కూర్చునేముందు ఆ చిన్న సూచికలన్నీ ముందేసుకునేవాడు. ఇంకొకటి కూడా చెప్పాడు, నాకదే అన్నిటికంటే విలువైనది: తన సిద్ధాంతానికి ఎదురు తిరిగే సంగతి కనిపిస్తే తప్పకుండా అప్పటికప్పుడే రాసుకునేవాడు. అనుకూలమైనవాటికంటే అలాంటివే తొందరగా మరపున పడతాయని అతని అనుభవం. కథ రాసేవాళ్లకీ ఇది వర్తిస్తుందని నా నమ్మకం. మీ పాత్ర గురించి మీరు అనుకున్నదానికి పొసగని ఆలోచన వస్తే, ముందు దాన్ని రాసుకోండి. పాత్రకి ప్రాణం వచ్చేది అక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. నోటు ఎలా రాస్తున్నారో చూసుకోండి. ‘లిఫ్టు, ముసలాయన, అద్దం’ అని రాశారనుకోండి. మూడు నెలలయ్యాక అవి మూడు మాటలే, వాటి వెనక ఏమీ ఉండదు. నేనైతే ఇలా రాస్తాను: ‘లిఫ్టులో మూడు వైపులా అద్దాలు. ముసలాయన లోపలికి రాగానే తల దించుకుని, తలుపు తెరుచుకునేదాకా తన చెప్పుల్నే చూస్తూ నిలబడ్డాడు. పక్కనున్న మనవడు మాత్రం అద్దంలో తాతనే చూస్తున్నాడు. నవల, రెండో భాగం, కొడుకు ఇంటికి వచ్చిన రోజు.’ చూసింది, అది నాకెందుకు పట్టిందో తెలిసే వివరం, ఎక్కడికి వెళ్లాలో. ఆ మనవడు లేకపోతే ఈ నోటుకి అర్థమే లేదు, ఒంటి మాటల్లో రాసినప్పుడు ముందు పోయేది అతనే. రాయడానికి ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే.

వాడేసిన ముక్కని కొట్టేయండి, చెరిపేయకండి. జేమ్స్ జాయిస్ తన నోట్‌బుక్కుల్లో చిత్తుప్రతిలోకి ఎక్కించిన మాటల్ని రంగు పెన్సిళ్లతో కొట్టేసేవాడు. కొట్టేసినా కింది అక్షరం కనబడుతూనే ఉంటుంది. ఒకే వర్ణన రెండు అధ్యాయాల్లో పడకుండా నన్ను కాపాడేది ఆ గీతే.

ఏ పనికీ చెందని ముక్కలు ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. వాటికి ఒకటే ఫైలు, తేదీల వరసన. దాన్ని సర్దను. ఒక పని పూర్తయి ఇంకోటి మొదలయ్యే ఖాళీలో మొదట్నించీ చదువుతాను. నా కథలు చాలావరకు అందులోంచే పుట్టాయి.

నీలిసిరా:

చిత్తుప్రతి గారూ, ఆ లిఫ్టు నోటు చదివి నా ఫోను తీసి చూసుకున్నాను. అన్నీ ఒంటి మాటలే. ఈ ఆదివారమే మొదలుపెడతాను. ఇంకో సందేహం. మూడు తరాలు కాబట్టి ఎవరు ఎప్పుడు పుట్టారు, ఏ పెళ్లి నాటికి ఎవరి వయసెంత అన్నది తిరగబడిపోతోంది. దీనికేం చేస్తారు?

చిత్తుప్రతి:

దానికి నోట్సు పనికిరాదు, పట్టిక కావాలి. అడ్డ వరసల్లో సంవత్సరాలు, నిలువు వరసల్లో మనుషులు. ప్రతి గడిలో ఆ ఏడాదికి ఆ మనిషి వయసు, పక్కన ఒక్క సంఘటన. ఎక్సెల్లో చేస్తే పుట్టిన సంవత్సరం మార్చగానే వయసులన్నీ వాటంతట అవే మారేలా పెట్టుకోవచ్చు. ఇది కథ మొత్తాన్నీ చెప్పక్కర్లేదు, తప్పు పట్టుకుంటే చాలు. విలియం ఫాక్నర్ ఒక నవలకి కథాక్రమాన్ని తన గది గోడ మీదే రోజులవారీగా రాసుకున్నాడు, ఆ రాత ఆ ఇంట్లో ఇప్పటికీ ఉంది. తల ఎత్తితే కనబడాలన్నది అందులో ఉన్న లాభం. మీరు పట్టికని ప్రింటు తీసి ఎదురుగా అంటించుకోండి.

దృశ్యాల వరస ఇంకా తేలకపోతే మాత్రం కార్డులు మంచివి. నబొకొవ్ నవలల్ని కార్డుల మీద రాసేవాడు, మొదట్నించి చివరికి కాదు, ఏ దృశ్యం తయారుగా ఉంటే అది. తర్వాత వరస మార్చుకునేవాడు. అతను పూర్తి చెయ్యకుండా వెళ్లిపోయిన నవల 138 కార్డులుగా మిగిలితే, 2009లో ఆ కార్డుల్నే అచ్చు వేశారు.

తోచినంత:

నేను కొంచెం అడ్డం చెప్తాను. అగాథా క్రిస్టీ నోట్‌బుక్కులు 73 దొరికాయి. ఒకే నవల ప్లాటు మూడు నాలుగు పుస్తకాల్లో చెల్లాచెదురుగా, మధ్యలో ఇంటి సరుకుల జాబితా, చాలాచోట్ల తేదీలు లేవు. ఆవిడ 66 డిటెక్టివ్ నవలలు రాశారు. సర్దుకుంటేనే రాయగలం అనేది నిజం కాదు. ఈమధ్య చాలామంది, జర్మన్ పండితుడు నిక్లాస్ లూమన్ ఆలోచనల్ని చీటీల మీద రాసి దాచుకున్న ‘చీటీల పెట్టె’ పద్ధతి అంటూ యాప్‌లో నోట్లకి నోట్లు లంకె వేసుకుంటూ నెలలు గడిపేస్తున్నారు, ఒక్క పేజీ కూడా బయటికి రావట్లేదు. నీలిసిరా గారికి ఉన్నది రోజుకి ఒక గంట. అది రాతకే పోవాలి.

చిత్తుప్రతి:

గంట రాతకే పోవాలన్నది నూటికి నూరుపాళ్లూ నిజమండి. అందుకే నేను సర్దడాన్ని ఆదివారానికి నెట్టాను, రాసే గంటలో ఫైళ్లు ముట్టను. లూమన్ సంగతి వేరు. ఆయన సామాజిక శాస్త్రవేత్త, దశాబ్దాలపాటు ఒకే సిద్ధాంతాన్ని పెంచుకుంటూ పోయాడు. దాదాపు 90,000 చీటీలు. 57/12 అనే చీటీకీ 57/13కీ మధ్య కొత్త ఆలోచన వస్తే 57/12ఎ అని ఇరికించేవాడు, అలా ఎక్కడ పడితే అక్కడ కొమ్మ వేసుకోవచ్చు. ఒక పుస్తకం కోసం కూడబెట్టిన చీటీ ఇంకో పుస్తకానికీ పనికొచ్చేవాళ్లకి అది నిజంగా గొప్ప పద్ధతి. నవలకి అంత యంత్రాంగం అక్కర్లేదు. ఆ ముసలాయన రెండు నవలల్లోకి వెళ్లడు.

తెరమీద:

అందరూ కాగితం గురించి చెప్పారు, నేను ఫైళ్ల గురించి చెప్తాను. తెలుగులో రాసేవాళ్లకి వెతుకులాటలో ఒక ఇబ్బంది ఉంది. ‘ఇల్లు’ అని వెతికితే ‘ఇంట్లో’, ‘ఇంటికి’ అని రాసినవి దొరకవు. అందుకని ప్రతి నోటు చివర పాత్ర పేరుని మార్పు లేకుండా, ముందు ఒక గుర్తు పెట్టి రాయండి: #సీతమ్మ. ‘సీతమ్మకి’, ‘సీతమ్మతో’ అన్నవి మామూలుగానే దొరుకుతాయి గానీ, ‘ఆవిడ’ అని రాసిన నోట్లు ఈ గుర్తు ఉంటేనే దొరుకుతాయి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన చిత్తుప్రతులుంటే యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అవి తెలుగుగా కనబడవు, వెతికితే దొరకవు.

ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టండి, సంవత్సరం ముందు: 2025-03-09 రెండోభాగం. వరస దానంతటదే వస్తుంది. ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ లాంటి పేర్లు వద్దు. అన్నిటికీ ఇంకో చోట నకలు ఉండాలి, ఇంట్లో ఒక డ్రైవులో, బయట క్లౌడులో.

నీలిసిరా:

చాలా థాంక్స్ అండి అందరికీ. వాయిస్ రికార్డింగులు విన్నాక ఏం చేస్తారు, దాచుతారా?

చిత్తుప్రతి:

ఎత్తి రాశాక తీసేస్తాను. ఎవరైనా పెద్దవాళ్లు తమ కథ చెబుతుంటే, వాళ్ల అనుమతితో రికార్డు చేసినవి మాత్రం తియ్యను. వాళ్లు ఎక్కడ ఆగారో కాగితం మీదికి రాదు.