రిటర్న్ ప్రాసెస్ అయింది, రిఫండ్ పడలేదు: ఎక్కడ ఆగిందో ముందు చూడండి

ప్రశ్న, హనుమకొండ నుంచి:
మా బాపు విశ్రాంత ఉపాధ్యాయుడు. 2024-25 ఆదాయానికి, అంటే 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరానికి ఆదాయపు పన్ను రిటర్న్ 2025 సెప్టెంబర్ మొదట్లోనే వేసి, ఆధార్ ఓటీపీతో వెరిఫై చేసినం. పింఛను మీద, ఎఫ్‌డీ వడ్డీ మీద కోసిన టీడీఎస్‌లో 38,460 రూపాయలు వాపసు రావాలె. పోర్టల్‌లో ప్రాసెస్ అయిందని ఉంది, పైసలు మాత్రం పడలే. ఖాతా గ్రామీణ బ్యాంకుది. రిటర్న్ మళ్లీ వేయమని ఒకరు, ఫిర్యాదు పెట్టమని ఒకరు చెప్తున్నరు. ఏది ముందు చేయాలె?

జవాబు, కాజీపేట, పన్ను సలహాదారు:
రెండూ ఇప్పుడు వద్దు. రిటర్న్‌లో తప్పు లేనప్పుడు మళ్లీ వేస్తే ప్రాసెసింగ్ మొదటికొస్తుంది, ఇంకా ఆలస్యం. ముందు పన్ను శాఖ లెక్క తేల్చి పంపే 143(1) ఇంటిమేషన్ తెరవండి. ఈ-ఫైల్, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్, వ్యూ ఫైల్డ్ రిటర్న్స్‌లోకి వెళ్తే ఆ సంవత్సరం కింద డౌన్‌లోడ్ ఉంటుంది. పీడీఎఫ్ పాస్‌వర్డ్: పాన్ చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో, మధ్యలో ఖాళీ లేకుండా.

అందులో ప్రతి వరుసకూ రెండు గడులుంటాయి. ఎడమది మీరు చూపిన అంకె, కుడిది శాఖ ప్రాసెసింగ్ కేంద్రం, బెంగళూరు సీపీసీ, లెక్కగట్టిన అంకె. పైనుంచి దిగుతూ మొదట ఏ వరుసలో రెండూ తేడా పడ్డాయో పట్టుకోండి. చివరిదాకా తేడా లేకుండా 38,460 అనే ఉంటే శాఖ ఒప్పుకున్నట్టే, చిక్కు బ్యాంకు దగ్గరుంది. టీడీఎస్ వరుసలో తగ్గితే మీ పాన్ మీద జమైన పన్నును చూపే 26ఏఎస్ పట్టీ సమస్య. రిఫండ్ మొత్తం సరిగ్గా ఉండి పాత బకాయికి సర్దుబాటు అని ఉంటే అది 245 సెక్షన్. మూడింటికీ మూడు వేరే దారులు.

హనుమకొండ:
చూసినం సార్. రెండు దిక్కులా అంకెలు ఒక్కటే. స్టేటస్‌లో రిఫండ్ ఫెయిల్డ్ అని ఉంది.

జవాబు, వరంగల్, బ్యాంకు ఉద్యోగి:
అట్లయితే ఖాతా సంగతే. మన దగ్గర ఎక్కువగా చూసేవి రెండు. ఒకటి ఐఎఫ్‌ఎస్‌సీ. వరంగల్ ప్రధాన కార్యాలయంగా ఉండిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు (ఏపీజీవీబీకి) తెలంగాణలో ఉన్న శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసినయి. పాత పాస్‌బుక్ చూసి కోడ్ కొట్టకండి, ఇప్పటి కోడ్ బ్రాంచిలో అడిగి రాసుకోండి. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసినప్పటి పాస్‌బుక్కులు వాడుతున్నవాళ్లకూ ఇదే మాట.

రెండోది పేరు. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరంగా ఉంటుంది. మనిషికి అది ఒకే పేరు, కంప్యూటర్‌కు కాదు. పాన్, ఆధార్ జిరాక్సులతో బ్రాంచికి వెళ్లి కేవైసీలో పేరును పాన్‌లో ఉన్నట్టు మార్పించి, ఖాతాకు పాన్ ఎక్కిందో లేదో అప్పుడే అడగండి. లావాదేవీలు లేక ఖాతా నిద్రలో ఉన్నా జమ వెనక్కి పోతుంది. పీపీఎఫ్, లోన్ ఖాతాలు రిఫండ్‌కు పనికిరావు.

జవాబు, కాజీపేట:
బ్యాంకులో సరిచేశాకే పోర్టల్‌కు రండి. మై ప్రొఫైల్‌లో మై బ్యాంక్ అకౌంట్, రీవ్యాలిడేట్. వ్యాలిడేటెడ్ అని వచ్చాక పక్కనున్న నామినేట్ ఫర్ రిఫండ్ బటన్ ఆన్ చేయాలి. చాలామంది దీన్ని మరిచిపోతారు. ఆ తర్వాత సర్వీసెస్‌లో రిఫండ్ రీఇష్యూ, అక్కడ కొత్త అభ్యర్థన పెట్టి ఖాతా ఎంచుకుని ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయండి. వ్యాలిడేషన్ కాకముందే రీఇష్యూ పెడితే మళ్లీ ఫెయిల్ అవుతుంది.

పాన్, ఆధార్ లింకు కూడా చూడండి. పాన్ పనిచేయని స్థితిలో ఉంటే రిఫండ్ ఇవ్వరు, ఆ కాలానికి వడ్డీ కూడా రాదు. ఎనభై దాటినవారికి ఈ నిబంధన లేదు.

ప్రశ్న, భూపాలపల్లి, సింగరేణి ఉద్యోగి:
నాకు 2013-14 బకాయి 8,900 ఉందని, ఈసారి రిఫండ్‌లో పట్టుకుంటామని మెయిల్ వచ్చింది. అప్పటి కాగితాలేవీ లేవు.

జవాబు, కాజీపేట:
అన్నా, జవాబివ్వడానికి 21 రోజులే గడువు. ఊరుకుంటే పట్టుకుంటారు. పెండింగ్ యాక్షన్స్‌లో రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్ తెరవండి. తొందర పడి బకాయి సరైనదే అని నొక్కకండి, నొక్కితే తర్వాత కాదనే వీలుండదు. ఒప్పుకోను అన్నది ఎంచుకుని కారణం రాయండి.

మీ విషయంలో గట్టి కారణమే ఉంది. 2024 మధ్యంతర బడ్జెట్‌లో ప్రకటించి, ఆ జనవరి 31 నాటికి మిగిలిన చిన్న బకాయిలు కొట్టివేశారు. 2010-11 అసెస్‌మెంట్ సంవత్సరం వరకు ఒక్కో బకాయి 25,000 దాకా, 2011-12 నుంచి 2015-16 వరకు 10,000 దాకా, ఒక్కొక్కరికి మొత్తం లక్ష మించకుండా. మీ 8,900 ఆ లోపలే. ఇది ఇంకా ఎందుకు నిలిచిందని జవాబులో అడగండి. అప్పటి టీడీఎస్ ఎక్కకపోవడం వల్ల పుట్టిన బకాయి అయితే ఆ ఏడాది ఫారం 16 (టీడీఎస్ సర్టిఫికెట్) కంపెనీ అకౌంట్స్ నుంచి తీసి జతచేయండి. ఫైలు మీ అసెసింగ్ ఆఫీసర్ (ఏఓ) దగ్గరుంటే పోర్టల్‌లో నో యువర్ ఏఓ చూసి ఆ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ప్రశ్న, పెద్దపల్లి:
మా ఆఫీసులో జీతంలోంచి పన్ను కోసిండ్రు, 26ఏఎస్‌లో లేదు. రిఫండ్ రాకపోగా బకాయి వేసిండ్రు.

జవాబు, హనుమకొండ, అకౌంట్స్ పని చేసేవారు:
జీతాలు తీసిచ్చే అధికారి (డీడీఓ) వేసిన జీతాల టీడీఎస్ 24క్యూ స్టేట్‌మెంట్‌లో పాన్ తప్పు పడి ఉంటుంది, లేదా ఆ త్రైమాసికం స్టేట్‌మెంటే వేయలేదు. దాన్ని సరిచేసే అధికారం, శాఖ టీడీఎస్ సైటు అయిన ట్రేసెస్‌లో కోసినవాళ్లకే ఉంది, మీకు లేదు. ఫారం 16 పార్ట్ ఏ ట్రేసెస్ నుంచి దించిందేనా చూడండి. ఎక్సెల్‌లో కొట్టి సంతకం పెట్టిచ్చింది సరిపోదు. కరెక్షన్ వేయించి, 26ఏఎస్‌లో ఎక్కాక సర్వీసెస్‌లో రెక్టిఫికేషన్ తెరిచి, రీప్రాసెస్ ఎంచుకోండి. ఆఫీసు కదలకపోతే పే స్లిప్పులు జతచేసి 205 సెక్షన్ ప్రస్తావించండి. జీతంలోంచి కోసిన పన్నును మళ్లీ మిమ్మల్ని కట్టమనకూడదని అందులో ఉంది.

హనుమకొండ:
మా బాపు రిఫండ్ ఇంత ఆలస్యమైనందుకు వడ్డీ వస్తదా? ఇక ఫిర్యాదు ఎప్పుడు పెట్టాలె?

జవాబు, కాజీపేట:
వస్తుంది, 244ఏ సెక్షన్ కింద నెలకు అర శాతం. గడువులోపు వేసిన రిటర్న్ కాబట్టి 2025 ఏప్రిల్ 1 నుంచి లెక్క. వందల్లోకి దించి 38,400 మీద, 2026 మార్చిలో రిఫండ్ ఇచ్చినట్టయితే 12 నెలలకు 2,304 రూపాయలు. మీ వైపు కారణంతో ఆగిన కాలాన్ని మాత్రం లెక్కలోంచి తీసేస్తారు. అయితే రిఫండ్ మొత్తం, తేలిన పన్నులో పదో వంతు కన్నా తక్కువైతే వడ్డీ ఉండదు. వచ్చిన వడ్డీని వచ్చే రిటర్న్‌లో ఇతర ఆదాయంగా చూపాలి, అసలు రిఫండ్‌ను కాదు.

రీఇష్యూ పెట్టాక కొన్ని వారాలు కదలిక లేకపోతే గ్రీవెన్స్ పెట్టండి. రిఫండ్ రాలేదు అని ఒక్క ముక్క రాస్తే మూస జవాబు వస్తుంది. అసెస్‌మెంట్ సంవత్సరం, ఇంటిమేషన్ తేదీ, రిఫండ్ మొత్తం, ఫెయిల్ అయిన తేదీ, రీఇష్యూ అభ్యర్థన సంఖ్య రాసి, బ్యాంకు ఖాతా వ్యాలిడేట్ అయిన స్క్రీన్‌షాట్ పెట్టండి. 1800 103 0025కు ఫోన్ చేసినా ఇవే అడుగుతారు. రిఫండ్ కోసం ఇక్కడ నొక్కండి అని వచ్చే ఎస్సెమ్మెస్ లింకుల జోలికి మాత్రం బాపును పోనివ్వకండి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.