బాస్టన్‌లో గే బాస్కెట్‌బాల్ లీగ్: ఆడిన తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఎడమచేతి_లేఅప్:
అందరికీ నమస్తే. ఎంఎస్ అయిపోయింది, బాస్టన్‌లో ఉద్యోగం, వయసు 27. ఇంటర్ దాకా గుంటూరులో ఆడేవాణ్ణి, జిల్లా టీమ్ వరకూ వెళ్లాను. తర్వాత ఎంసెట్ పుణ్యమా అని బంతి ముట్టుకోలేదు. పోయినేడు ఇక్కడ మనవాళ్ల టీమ్‌లో ఒక సీజన్ ఆడాను. ఆటకేం లోటు లేదు, మధ్యలో వచ్చే మాటలతోనే ఇబ్బంది. ఎవడైనా ఫౌల్ అని అడిగితే "గాజులు తొడుక్కొచ్చావేంట్రా" అంటారు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. మ్యాచ్ అయ్యాక సమోసాలు తింటుంటే ఒక అంకుల్ మాది ఏ ఊరని మొదలుపెట్టి, గోత్రం దాకా వచ్చి, వాళ్ల తోడల్లుడి కూతురి ఫొటో అక్కడికక్కడే వాట్సాప్ చేశాడు. నేను గేనని నా రూమ్మేట్లు ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇక్కడ బాస్టన్ గే బాస్కెట్‌బాల్ లీగ్ ఉందని తెలిసింది. రెండు వారాలుగా రిజిస్ట్రేషన్ పేజీ తెరవడం, మూసేయడం, ఇదే పని. ఫొటోలు ఎవరైనా ఫేస్‌బుక్‌లో పెడితే మొదటి లైక్ మా పిన్నిదే. గేనని అక్కడ ఎవరికైనా రుజువు చూపించాలా? పైగా నా ఆటకి తుప్పు పట్టింది. ఆడినవాళ్లు కాస్త చెప్పండి.

పాతబూట్లు:
తమ్ముడూ, ముందు తుప్పు సంగతి. నాకు 44. చికాగోలో తొమ్మిదేళ్లు ఇలాంటి లీగ్‌లోనే ఆడాను. మోకాలు ఇక చాలంది, ఇప్పుడు నాషువాలో ఉంటున్నా. మా దగ్గర మొదటిరోజు ఎవాల్యుయేషన్ ఉండేది. చొక్కాకి నంబర్ అంటించి, లేఅప్‌లు వేయించి, తర్వాత అయిదుగురిని అయిదుగురితో ఆడించేవాళ్లు. కెప్టెన్లు కాగితాలు పట్టుకుని గోడవారగా కూర్చునేవాళ్లు. ఆ సాయంత్రమే డ్రాఫ్ట్, అంటే కెప్టెన్లు వంతులవారీగా ఆటగాళ్లని ఎంచుకోవడం. కాలేజీ టీమ్‌లో ఆడివచ్చినవాడూ, పదేళ్లుగా బంతి పట్టనివాడూ ఒకే డివిజన్‌లో పడరు, భయపడకు. నన్ను మొదటిసారి చివరి రౌండ్‌లో తీసుకున్నారు. అదీ ఎత్తున్నానని.

ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని ఒక గడి ఉంటుంది. దాని దగ్గర మాత్రం ఆలోచించి రాయి. నేను ఆలోచించకుండా మా బావ నంబర్ రాసేశాను. అక్క మొగుడు, నేపర్‌విల్‌లో ఉంటాడు. మూడో వారం రీబౌండ్‌కి ఎగిరి ఇంకొకడి కాలి మీద దిగాను, చీలమండ బెణికింది. వాళ్లు పద్ధతిగా ఫారం తీసి బావకి ఫోన్ చేశారు. నలభై నిమిషాల్లో దిగాడు. స్కోర్‌బోర్డు కింద ఇంత పెద్ద రెయిన్‌బో జెండా. నేను బెంచీ మీద, కాలి మీద ఐసు సంచి. నొప్పి కంటే దడ ఎక్కువ. ఆయన జెండా చూశాడు, నన్ను చూశాడు, తర్వాత స్కోరు చూశాడు. మావాళ్లు రెండు పాయింట్లు వెనకున్నారు.

"ఇంకెంతసేపుంది?"
"నాలుగు నిమిషాలు బావా."
"అయితే ఉండు, చూసి పోదాం."

ఓడిపోయాం. దారిపొడుగునా జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా ఎవరి చోటు వాళ్లు కాచుకోవడం) ఎందుకు వేయలేదని నన్ను తిట్టాడు, నేనేదో కోచ్‌ని అయినట్టు. అసలు విషయం ఆరు నెలల తర్వాత అడిగాడు, అదీ అక్క ఇంట్లో లేనప్పుడు.

అందరి బావలూ ఇలా ఉండరు. అందుకే చెబుతున్నా.

రీబౌండ్_రాణి:
ఆ బావగారికి దండం పెట్టాలి 😄

నేను డల్లాస్. అమ్మాయిల ఆటలో కథ వేరు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు, సగంమందికి ముందే తెలుసు. అమెరికా అమ్మాయిల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో షెరిల్ స్వూప్స్ తన సంగతి 2005లోనే చెప్పేసింది, బ్రిట్నీ గ్రైనర్ 2013లో, సూ బర్డ్ 2017లో. మగవాళ్ల ఎన్‌బీఏలో మాత్రం జాన్ అమేచీ ఆట మానేశాక 2007లో చెప్పాడు, కెరీర్ ఇంకా ముగించనివాడు (జేసన్ కాలిన్స్) చెప్పడానికి 2013 దాకా పట్టింది.

కానీ మన దగ్గర ఇంజినీరింగ్ హాస్టల్లో నేనూ మా పాయింట్ గార్డూ ప్రాక్టీస్ నుంచి కలిసి ఆలస్యంగా వస్తున్నామని వార్డెన్ మా రూములు మార్చేసింది. మా మధ్య అప్పటికి ఏమీ లేదు, నిజంగా! జుట్టు పెంచమని కోచ్ చేత కూడా చెప్పించారు, "పేరెంట్స్ అడుగుతున్నారమ్మా" అని. ఆ ఏడు ఇంటర్-కాలేజీ టోర్నమెంట్‌లో ఆమె పాస్ ఇస్తే నేను చూడను, నేను పాస్ ఇస్తే ఆమె చూడదు. మొదటి రౌండ్‌లోనే ఇంటికి. ఆ సీనియర్లకి ఇప్పటికీ కారణం తెలియదు.

ఊరికే_చదువుతా:
తప్పుగా అనుకోకండి. ఎవరు ఎవరిని ఇష్టపడితే ఆటకేంటి? వేరే లీగ్ పెట్టుకుంటే తమంతట తాము వేరుపడినట్టు కాదా?

డిఫెన్స్_మాత్రమే:
బ్రో, నేను గే కాదు, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. మా ఆఫీసు ఫ్రెండ్ కోసం అలాంటి లీగ్‌లో రెండేళ్లుగా ఆడుతున్నా. లోపల రింగ్ పది అడుగుల ఎత్తులోనే, ఫౌల్ ఫౌలే. మోచేతులు మాత్రం మనవాళ్ల కంటే గట్టివి.

మనవాళ్ల టీమ్‌లో బెంచ్ మీద కూర్చుని నా భార్య చేసిన పులిహోర గురించి చెప్తా, పిల్లాడి స్కూలు గురించి చెప్తా. నన్ను ఎవరూ ఆపరు. అదే బెంచ్ మీద మా ఫ్రెండ్‌ని "వీకెండ్ ఏం చేశావ్" అంటే ప్రతిసారీ ఒక కథ అల్లాలి. పోయినవారం ఏం చెప్పాడో గుర్తుపెట్టుకోవాలి. వేరే లీగ్‌లో దొరికేది ఆ పని లేని రెండు గంటలు.

ఊరికే_చదువుతా:
సరే, ఆ కోణంలో ఆలోచించలేదు.

ఎడమచేతి_లేఅప్:
థాంక్స్ అన్నా, అక్కా. @డిఫెన్స్_మాత్రమే, మీరు గే కాకపోయినా ఆడనిచ్చారంటే మరి రుజువేమీ అడగనట్టేనా?

శనివారం_జిమ్:
మా దగ్గర ఎవరూ అడగలేదు. కానీ ఈ ప్రశ్న చిన్నదేం కాదు. బాస్కెట్‌బాల్‌లో కాదు, సాఫ్ట్‌బాల్‌లో (బేస్‌బాల్ లాంటి ఆట) పెద్ద గొడవే అయింది. 2008లో సియాటిల్‌లో గే సాఫ్ట్‌బాల్ వరల్డ్ సిరీస్ జరిగింది. టీమ్‌కి స్ట్రెయిట్ (గే కాని) ఆటగాళ్లు ఇద్దరికి మించకూడదని రూల్. శాన్‌ఫ్రాన్సిస్కో టీమ్ మీద ఫిర్యాదు వస్తే ఆటగాళ్లని గదిలోకి పిలిచి మీరు ఎవరిని ఇష్టపడతారని విచారించారు. ముగ్గురిని గేలు కాదని తేల్చి టీమ్‌ని డిస్‌క్వాలిఫై చేశారు. వాళ్లు బైసెక్సువల్స్, ఆడా మగా ఇద్దరినీ ఇష్టపడేవాళ్లు. 2010లో కోర్టుకెళ్లారు, 2011లో రాజీ అయింది. తలుపు మాకోసం తెరిచాం అనేవాళ్లే తలుపు దగ్గర నిలబడి పరీక్ష పెడితే ఎలా ఉంటుందో చూడండి. నేనూ బైనే, అందుకే ఈ కేసు అంత గుర్తు.

గే గేమ్స్‌లో మాత్రం మొదటినుంచీ ఆ బాధ లేదు. 1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ వాడెల్ మొదలుపెట్టాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డెకాథ్లాన్ (పది అథ్లెటిక్ పోటీలు కలిపినది) ఆడినవాడు. ముందు "గే ఒలింపిక్స్" అని పేరు పెడితే అమెరికా ఒలింపిక్ కమిటీ కోర్టు నుంచి ఆపు తెచ్చింది, 1987లో సుప్రీంకోర్టు కూడా కమిటీ వైపే తీర్పిచ్చింది. పేరు పోయింది గానీ ఆటలు నాలుగేళ్లకోసారి నడుస్తూనే ఉన్నాయి. 2014లో క్లీవ్‌లాండ్, ఆక్రన్‌లలో, 2018లో పారిస్‌లో పెట్టారు. 2026 వంతు స్పెయిన్‌లోని వాలెన్సియాకి వచ్చింది. అర్హత మార్కులు ఏమీ లేవు, ఎవరైనా పేరు ఇవ్వచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో గే బాస్కెట్‌బాల్ అసోసియేషన్ కూడా 1986 నుంచీ ఉంది. మనం పుట్టకముందే ఆడుతున్నారు 🙂

పాతబూట్లు:
"మనం" ఏంటి, నేను పుట్టాను.

నీలిజెర్సీ:
హైదరాబాద్ నుంచి రాస్తున్నా. నేను ట్రాన్స్ అబ్బాయిని. పదో తరగతిలో జిల్లా అమ్మాయిల టీమ్‌కి కెప్టెన్‌ని. ఆ టీమ్ ఫొటో మా అమ్మ ఇంకా టీవీ మీద పెట్టుకుంది, తీయమని నేనూ అడగలేదు. మంచి ఆట అది.

హార్మోన్లు మొదలుపెట్టాక ఆడడానికి చోటే లేకుండా పోయింది. ఎవరిది ఏ జెండర్ అన్నది వాళ్లే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లోనే నల్సా తీర్పులో చెప్పింది. నేను వెళ్లిన టోర్నమెంట్ ఫారంలో మాత్రం రెండే గడులు. ఆధార్‌లో మార్చుకుని మగవాళ్ల గడిలో టిక్ పెట్టాను. "సర్టిఫికెట్లలో పేరు వేరేగా ఉందే" అని పక్కన నిలబెట్టారు. నా వెనక క్యూలో ఉన్న కుర్రాళ్లు తలలు చాచి చూస్తున్నారు. ఫీజు కట్టిన రసీదు చేతిలో పట్టుకునే వచ్చేశా, డబ్బులు కూడా అడగలేదు.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే ఒక కోర్టు గంటకింత అని అద్దెకి తీసుకుని ఎనిమిదిమందిమి ఆడుకుంటాం. ఆరుగురు ట్రాన్స్, ఇద్దరు ఫ్రెండ్స్. హాఫ్ కోర్టులో త్రీ ఆన్ త్రీ, 21 పాయింట్లు. మిగిలిన ఇద్దరూ తర్వాతి ఆట కోసం కాచుకుని ఉంటారు. ఇంఫాల్‌లో ట్రాన్స్ అబ్బాయిలది ఫుట్‌బాల్ టీమే ఉంది, కేరళలో 2017లో ట్రాన్స్‌జెండర్లకి రాష్ట్రస్థాయి అథ్లెటిక్ మీట్ పెట్టారు. మన దగ్గర బాస్కెట్‌బాల్‌కి ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

రీబౌండ్_రాణి:
చదువుతుంటే కడుపులో తిప్పింది తమ్ముడూ, ఆ క్యూ సంగతి. ఇక్కడ కూడా ట్రాన్స్ వాళ్లకి దారి నున్నగా ఏం లేదు. కై ఆలమ్స్ 2010లో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో తాను ట్రాన్స్ అని బయటికి చెప్పి ఆడాడు. అమ్మాయిల టీమ్‌లో కొనసాగడానికి హార్మోన్లు వాయిదా వేసుకున్నాడు. ట్రాన్స్ అమ్మాయిలకి ఇంకా కష్టం. 2023లో లెక్సీ రాడ్జర్స్ అనే ట్రాన్స్ అమ్మాయిని అక్కడి ఎన్‌బీఎల్1 లీగ్‌లో ఆడనివ్వనని బాస్కెట్‌బాల్ ఆస్ట్రేలియా చెప్పేసింది. 2025 ఫిబ్రవరిలో అమెరికా కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ, పుట్టినప్పుడు ఆడపిల్ల అని నమోదైనవాళ్లే మహిళల పోటీల్లో ఆడాలని రూల్ మార్చింది. గే గేమ్స్ లాంటి చోట్ల ఎవరు ఏ జెండర్ అని చెప్పుకుంటే ఆ విభాగమే. నేను ఆడే లీగ్‌లో "మహిళలు, ట్రాన్స్, నాన్‌బైనరీ (తమని ఆడ అనో మగ అనో మాత్రమే అనుకోనివాళ్లు)" అని ఒకే విభాగం. మా సెంటర్ ట్రాన్స్ అమ్మాయి, ఆరడుగులు. ఎత్తుంది కాబట్టి అన్యాయం అనేవాళ్లకి ఆమె ఫ్రీ త్రోలు చూపించాలి. రింగ్ అంచు కూడా తగలదు పాపం.

డిఫెన్స్_మాత్రమే:
@ఎడమచేతి_లేఅప్, ఫొటోల సంగతి ఎవరూ చెప్పలేదు. వేవర్ (దెబ్బ తగిలితే లీగ్‌ది బాధ్యత కాదనే కాగితం) మీద సంతకం పెట్టేటప్పుడు చివర్లో ఫొటోలకి అనుమతి అని ఒక లైన్ ఉంటుంది, చదువుకో. లీగ్ నడిపేవాళ్లకి ముందే మెయిల్ పెట్టు. మా లీగ్‌లో ఫొటో వద్దన్నవాళ్లు మణికట్టుకి పసుపు టేపు చుట్టుకుంటారు, ఫొటో తీసేవాడు వాళ్లని వదిలేస్తాడు. ఉపాధ్యాయులు, పాస్టర్ గారి అబ్బాయి, మిలిటరీలో చేసినవాడు, చాలామందికే ఉంటుంది టేపు. జెర్సీ వెనక ఇంటిపేరు వేయించుకోకు. జేసన్ కాలిన్స్ వేసుకున్న 98 నంబర్ కోసం మాత్రం కొట్లాటే. అమెరికాలోని వయోమింగ్‌లో మాథ్యూ షెపర్డ్ అనే విద్యార్థిని గే అని చంపేసిన సంవత్సరం అది, 1998. కాలిన్స్ మీ బాస్టన్ సెల్టిక్స్ టీమ్‌కే ఆడాడు, 2013లో బాస్టన్ ప్రైడ్ ఊరేగింపులో నడిచాడు కూడా.

ఎడమచేతి_లేఅప్:
(పది రోజుల తర్వాత) అప్‌డేట్. మెయిల్ పెట్టాను, ఫొటోల సంగతి చూసుకుంటామన్నారు. ఆదివారం వెళ్లాను. జిమ్ బయట కార్లో ఇరవై నిమిషాలు కూర్చున్నా. ఒకాయన వచ్చి అద్దం తట్టి "జంపర్ కేబుల్స్ ఉన్నాయా" అని అడిగాడు, ఆయన బ్యాటరీ పోయిందట. కారు స్టార్ట్ చేయించాక ఇద్దరం కలిసే లోపలికి వెళ్లాం, కాబట్టి గుమ్మం దగ్గర ఒక్కణ్ణే నిలబడే పని తప్పింది. మొదటి మూడు లేఅప్‌లు పోయాయి. నాలుగోది ఎడమచేత్తో పడింది. ఇక ఏ టీమో తేలాలి.

ఫారంలో అన్నీ నింపాను. ఆ ఒక్క గడి ఖాళీగా ఉంది. @పాతబూట్లు అన్నా, నాషువా నుంచి ఇక్కడికి ఎంతసేపు?

పాతబూట్లు:
ట్రాఫిక్ లేకపోతే యాభై నిమిషాలు. నంబర్ మెసేజ్‌లో పెట్టాను, చూసుకో. జోన్ డిఫెన్స్ వేయమని మీ కెప్టెన్‌కి చెప్పు.