అప్‌డేట్: ఆర్‌జెడ్‌ఆర్‌కి 32 అంగుళాల టైర్లు వేయించాను

నా పొలారిస్ ఆర్‌జెడ్‌ఆర్ ఎక్స్‌పీ 1000 (రాళ్లు, ఇసుక మీద నడిపే ఆఫ్‌రోడ్ బండి)కి కంపెనీ ఇచ్చిన 29 అంగుళాల టైర్లు తీసేసి, లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు పెంచే విడిభాగాలు) లేకుండానే 32 పెట్టొచ్చా అని అడిగాను కదా. పెట్టేశాను, పడుతున్నాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, అదీ సస్పెన్షన్ బాగా కిందికి దిగితే, ముందు టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకునేది. హీట్ గన్‌తో వేడిచేసి ఆ అంచు వెనక్కి వంచాను. నల్లటి రబ్బరు గీత ఇంకా అక్కడే ఉంది, చప్పుడు మాత్రం పోయింది.

అసలు టెన్షన్ ఇంజిన్ శక్తిని చక్రాలకు అందించే బెల్టు గురించే. టైరు ఎత్తు 10 శాతం పెరిగితే ఇంజిన్ మీద, బెల్టు మీద ఆ భారం పడాల్సిందే. అమెరికాలోని యూటాలో మోయాబ్ రాళ్ల మీద హై గేర్‌లో మెల్లగా ఎక్కిస్తుంటే బెల్టు ఉండే క్లచ్ కవర్ దగ్గర కాలిన వాసన! మీలో కొందరు చెప్పినట్టు ప్రైమరీ క్లచ్‌లో (ఇంజిన్ వైపు ఉండే క్లచ్) తేలికైన వెయిట్లు వేయించి, ఎక్కాల్సిన చోటు వస్తే లో గేర్‌కి మారుతున్నాను. ఇప్పుడు వాసన లేదు.

నేల నుంచి ఎత్తు పెరిగింది ఒకటిన్నర అంగుళమే అయినా, మెట్లలాంటి రాళ్ల దగ్గర అడుగు గీసుకోవడం బాగా తగ్గింది. స్పీడోమీటర్ 30 చూపిస్తే జీపీఎస్‌లో 33. ఇసుకలో పికప్ కాస్త మందగించింది. ఎక్కువగా ఇసుక దిబ్బలకే వెళ్లేవాళ్లు 30 అంగుళాల టైర్ల దగ్గర ఆగిపోతే మంచిది.