నీళ్ళు కొనుక్కునే ఊళ్ళో పిల్లలకి వాటర్ పార్కులా? బెంగళూరు తెలుగువాళ్ళ చర్చ

బెళ్ళందూరు బాబాయ్:
సెలవులు వచ్చేశాయి. పెద్దాడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి మూడు. పొద్దున లేస్తే నీళ్ళాట కావాలని ఒకటే గోల. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు వీడియో కాల్‌లో వాళ్ళ ఇంటి దగ్గర పార్కు చూపించాడు. విశాలమైన చప్టా, నేలలోంచి నీళ్ళు పైకి చిమ్ముతుంటాయి, పిల్లలు వాటి మధ్య కేకలేస్తూ పరుగులు. స్ప్లాష్ ప్యాడ్ అంటారట. మునిగేంత నీళ్ళు నిలవవు, టికెట్ లేదు, అక్కడి మున్సిపాలిటీయే నడుపుతుంది. అది చూసిన రోజు నుంచి వీళ్ళు నన్ను బతకనివ్వడం లేదు.

మనకి అలాంటిది పేటకొకటి ఎక్కడుంది? బిడది దగ్గర వండర్‌లా పార్కుకి వెళ్తే రోజంతా పోతుంది, నలుగురికీ కలిపి జేబుకి చిల్లు. మా ఆవిడది ఇంకో వాదన: "వాడుకకి నీళ్ళు టాంకర్లో కొంటున్నాం, ఎగరడానికి కూడా కొనాలా?" ఇది చాలదన్నట్టు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ దిగని కిడ్స్ పూల్‌ని స్ప్లాష్ ప్యాడ్‌గా మారుద్దామని అసోసియేషన్‌లో ప్రతిపాదన పెట్టారు. ఆదివారం మీటింగ్. మీరేమంటారు? ఈ ఊళ్ళో వాటర్ పార్కులకి వెళ్ళడం సబబేనా? వెళ్తే చిన్నపిల్లలతో ఎక్కడికి?

కేఆర్ పురం కర్నూలోడు:
సబబు కాదన్నా. సూటిగా చెప్పేస్తున్నా.

2024 మార్చి అప్పుడే మర్చిపోయామా? తాగునీటితో కారు కడిగినా, తోటకి పోసినా, ఫౌంటెన్ నడిపినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. స్విమ్మింగ్ పూల్‌కి ఆ నీళ్ళు వాడొద్దంది. ఆ ఏడాది హోలీకి రెయిన్ డాన్సులకీ పూల్ డాన్సులకీ కావేరి నీళ్ళు, బోరు నీళ్ళు వాడొద్దని కూడా చెప్పాల్సొచ్చింది. టాంకర్లకి ప్రభుత్వమే రేటు కట్టింది: 5 కిలోమీటర్ల లోపైతే 12,000 లీటర్లకి 1,000 రూపాయలు. (ఆ రేటుకి మా వీధిలోకి వచ్చినోడు లేడు, అది వేరే కథ.)

కావేరి నీళ్ళు 100 కిలోమీటర్ల అవతల నుంచి పంపుల మీద పంపులు పెట్టి ఎత్తితే మన కుళాయికి వస్తున్నాయి. మిగతా ఊరంతా బోర్ల మీద బతుకుతోంది. బోరింగు దగ్గర బిందె పెట్టి వంతు కోసం కొట్లాడి పెరిగినోణ్ణి నేను. నీళ్ళు గాల్లోకి చిమ్మి టికెట్లు అమ్ముకోవడం నా మనసు ఒప్పుకోదు.

హెచ్‌ఎస్‌ఆర్ లక్ష్మి:
ఎప్పటి కరువు గురించి ఎప్పటిదాకా చెప్పుకుంటాం అండీ? 2024 అక్టోబర్‌లో కావేరి 5వ దశ మొదలైంది. రోజుకి 775 మిలియన్ లీటర్లు అదనం, ఊళ్ళో కలిసిన పాత 110 గ్రామాల వైపు ఇచ్చారు. అయినా ఊళ్ళో ఉన్న కరువంతా పిల్లల ఆటతోనే తీర్చాలా? 2024 ఏప్రిల్‌లో ఇక్కడ 38 డిగ్రీలు దాటింది. పిల్లలు ఏసీ గదిలో ఫోన్ పట్టుకుని కూర్చుంటే మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు.

కేఆర్ పురం కర్నూలోడు:
5వ దశ వచ్చింది మేడమ్. మా అసోసియేషన్ ఇంకా కనెక్షన్ డబ్బులు కట్టలేదు. టాంకర్ మాత్రం రోజూ ఠంచనుగా వస్తుంది.

పైపులు పంపులు:
నేను నీటి శుద్ధి ప్లాంట్ల పనిలో ఉన్నాను. పార్కుల్లో ఉద్యోగం కాదు, వాళ్ళని వెనకేసుకురావాల్సిన అవసరమూ లేదు. ఇద్దరూ భావావేశంలో ఉన్నారు కాబట్టి కాస్త లెక్క చూద్దాం.

పెద్ద వాటర్ పార్కులో వేవ్ పూల్‌ని సాయంత్రం ఖాళీ చేసి పొద్దున్నే నింపరు. అలా చేస్తే వాళ్ళే దివాలా తీస్తారు. అవే నీళ్ళు ఫిల్టర్‌కి వెళ్ళి, క్లోరిన్ పట్టించుకుని మళ్ళీ తిరిగొస్తాయి. పోయేది మూడు దారుల్లో: ఆవిరి, ఒంటి మీద బయటికి పోయేవి, ఫిల్టర్ కడిగే బ్యాక్‌వాష్. 300 చదరపు మీటర్ల పూల్ అనుకోండి. మన ఎండకి రోజుకి 6 మిల్లీమీటర్లు ఆవిరైతే 1,800 లీటర్లు. ఆ రోజు 500 మంది దిగారంటే ఆవిరయ్యేది మనిషికి నాలుగు లీటర్లు కూడా కాదు. బయటికొచ్చాక షవర్ కింద ఐదు నిమిషాలు నిలబడి వాళ్ళే తలా నలభై, యాభై లీటర్లు పారబోస్తారు. పార్కు నీళ్ళ ఖర్చులో అసలు సంగతి ఆ షవర్ గదుల్లో ఉంది, దాన్ని ఎవరూ తిట్టరు.

నిజంగా తిట్టాల్సినవి వేరే ఉన్నాయి. వీకెండ్‌కి అద్దెకిచ్చే ఫామ్‌హౌస్‌ల ప్రైవేట్ పూళ్ళు. కొన్నిటికి సరైన ఫిల్టర్ ఉండదు, నీళ్ళు పచ్చబడగానే వదిలేసి టాంకర్‌తో నింపుతారు. పది మంది మునగడానికి నాలుగైదు టాంకర్లు. ఇన్‌స్టాలో ఫొటోలు మాత్రం అద్భుతంగా వస్తాయి.

ఇక స్ప్లాష్ ప్యాడ్. బాబాయ్ గారూ, మీ మీటింగ్‌కి పనికొచ్చేది ఇదే. ఇందులో రెండు రకాలు. ఒకటి, పైపులోంచి వచ్చిన నీళ్ళు పిల్లల మీద పడి నేరుగా కాలువలోకి పోయేది. నిమిషానికి 20 లీటర్లు చిమ్మే నాజిళ్ళు పది పెడితే గంటకి 12,000 లీటర్లు, అంటే గంటకో పెద్ద టాంకర్. అమెరికాలో కూడా ఇలాంటివి ఉన్నాయి, వాళ్ళకీ నీటి కరువు వచ్చినప్పుడు వాటినే ముందు ఆపేస్తుంటారు. రెండోది, చప్టా కింద ట్యాంక్ పెట్టి, పడిన నీళ్ళని పట్టి, వడగట్టి, క్లోరిన్ వేసి మళ్ళీ పైకి పంపేది. మన ఊరికి రెండోది తప్ప మొదటిది వద్దే వద్దు. కాంట్రాక్టర్ తక్కువ కొటేషన్ ఇచ్చాడంటే మొదటి రకమేనేమో అని అనుమానించండి.

కేఆర్ పురం కర్నూలోడు:
లెక్క బాగుంది సార్, ఒప్పుకుంటా. మరి మొదటిసారి నింపేది ఎక్కడి నీళ్ళు? ఆవిరైనవి రోజూ భర్తీ చేసేది ఎక్కడి నుంచి? బోరే కదా. పక్క ఊరి రైతు బోరు ఎండిపోతే ఆ నాలుగు లీటర్ల లెక్క వాడికి చెప్పి రాగలమా?

పైపులు పంపులు:
న్యాయమైన ప్రశ్న. అందుకే ఏ పార్కునైనా, ఏ అపార్ట్‌మెంట్‌నైనా అడగాల్సింది: పైకప్పు మీద పడ్డ వాన ఎక్కడికి పోతోంది? ఈ ఊళ్ళో 2009 నుంచే పెద్ద స్థలాలకి వాన నీటి సంరక్షణ తప్పనిసరి. చాలా చోట్ల గుంత ఉంటుంది, దాని మీద ఎవరిదో బైక్ ఉంటుంది.

కోలారు రెడ్డి:
ఒక సందేహం. మీ బెంగళూరు మురుగునీళ్ళని శుద్ధి చేసి 2018 నుంచి మా కోలారు చెరువులకి వదులుతున్నారు, కోరమంగల-చల్లఘట్ట వ్యాలీ ప్రాజెక్ట్ కింద. మా చెరువులు నింపడానికి పనికొచ్చిన నీళ్ళు మీ పిల్లల స్ప్లాష్ ప్యాడ్‌కి పనికిరావా?

పైపులు పంపులు:
పనికిరావు రెడ్డిగారూ. మీ ఎత్తిపొడుపు అర్థమైంది, అందులో న్యాయం కూడా ఉంది. కానీ చిన్నపిల్లలు ఆ నీళ్ళు మింగుతారు. ఎస్‌టీపీ (మురుగు శుద్ధి ప్లాంట్) నీళ్ళు ఫ్లష్‌కి, మొక్కలకి. నోట్లోకి వెళ్ళేవి తాగునీటి స్థాయిలో ఉండాలి.

జేపీ నగర్ పిన్ని:
మగవాళ్ళు లెక్కలేసుకుంటూ ఉండండి, ఆ మూడేళ్ళ పిల్ల సంగతి ఎవరూ మాట్లాడటం లేదు.

బాబాయ్ గారూ, పెద్ద పార్కు మీ పెద్దాడికి బాగుంటుంది. చిన్నదానికి అనవసరం. అక్కడ వయసు ఎవరూ అడగరు, ఎత్తు చూస్తారు. ప్రతి స్లైడ్ దగ్గరా గీత గీసిన కర్ర ఉంటుంది, దాని కింద నిలబెట్టి వెనక్కి పంపేస్తారు. మా మేనకోడలు తల మీద జుట్టు పైకి ముడేసుకుని మరీ నిలబడింది. ఆ అబ్బాయి నవ్వుతూనే అరచేత్తో ముడి అణిచి "నెక్స్ట్" అన్నాడు. తర్వాత దాని ఏడుపు ఆపడానికి మాకు ఐస్‌క్రీములు అయ్యాయి.

ఇంకో సంగతి, బట్టలు. కాటన్ బట్టలతో నీళ్ళలో దిగనివ్వరు, నైలాన్‌వే ఉండాలి. నూలు పీచు ఊడి ఫిల్టర్లలో పట్టేస్తుంది. మా అత్తగారు చీరలోనే వచ్చారు, రోజంతా బ్యాగుల దగ్గర కాపలా. ఈ సంగతి ఇంట్లోనే చెప్తే ఆవిడ రాకుండా సుఖంగా టీవీ చూసుకునేవారు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక పూల్ నుంచి ఇంకో పూల్‌కి నడిచే దారి కాలిపోతుంటుంది, పిల్లలు కుంటుతూ గెంతుతారు. రబ్బరు చెప్పులు మర్చిపోకండి.

మూడేళ్ళ పిల్లకి జయమహల్ దగ్గర ఫన్ వరల్డ్ పార్కు చాలు. ఊరి మధ్యలోనే, అలిసిపోతే ఇంటికొచ్చి పడుకోవచ్చు. పెద్దాణ్ణి బసవనగుడి ఆక్వాటిక్ సెంటర్ లాంటి చోట ఈతలో చేర్చండి. ఒక్కరోజు టికెట్ డబ్బులు పోసే బదులు ఈత జీవితాంతం ఉంటుంది.

హెచ్‌ఎస్‌ఆర్ లక్ష్మి:
పిన్నిగారి మాటకి నా ఓటు. వైట్‌ఫీల్డ్ వైపు వాళ్ళకి ఒక చిట్కా: బిడదికి కారే అక్కర్లేదు. పర్పుల్ లైన్‌లో ఎక్కితే చల్లఘట్ట దాకా ఒకే రైలు, అక్కడి నుంచి మైసూరు రోడ్డు మీద బస్సు. తిరిగొచ్చేటప్పుడు పిల్లలు ఎలాగూ నిద్రపోతారు, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో మీరు ఏడవక్కర్లేదు. మే నెల అయితే పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నం ఉరుములు మొదలైతే రైడ్లు ఆపేస్తారు.

సర్జాపుర సూరి:
ఇంత గొడవెందుకు బ్రో. కనకపుర దాటి సంగమకి పోండి. కావేరి నది, ఫ్రీ, క్లోరిన్ లేదు, టాంకర్ లేదు. కర్నూలు అన్న కూడా హ్యాపీ.

జేపీ నగర్ పిన్ని:
సూరీ, పిల్లలున్నవాళ్ళకి చెప్పే సలహానా అది? సంగమ, మేకెదాటు దగ్గర పైకి ప్రశాంతంగా ఉంటుంది, కింద రాళ్ళ మధ్య గుండాలు, సుడులు. ఈతగాళ్ళే పోయారు అక్కడ. బోర్డులు ఊరికే పెట్టలేదు.

కేఆర్ పురం కర్నూలోడు:
నేనూ హ్యాపీ కాదు తమ్ముడూ. నీళ్ళు వృథా చేయొద్దన్నా గానీ పిల్లల్ని నదిలో వదలమనలేదు.

రాజోలు రాణి:
ఎండాకాలం ఊరికి పంపితే సరి, కాలువలో ఈదుతారు అని ఎవరో ఒకరు అంటారని చూస్తున్నా. ముందే చెప్తున్నా: మా గోదావరి జిల్లాల్లో సరిగ్గా అప్పుడే మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. బురద తప్ప ఏమీ ఉండదు.

పైపులు పంపులు:
ఇంకొక్కటి చెప్పి ఆగుతా. నీళ్ళు తిరిగి వాడే స్ప్లాష్ ప్యాడ్‌లో ఒక చిక్కుంది. ట్యాంక్ చిన్నది, పిల్లలు ఎక్కువ, డైపర్ వయసువాళ్ళు కూడా ఉంటారు. పైగా నీళ్ళు తుంపర్లుగా గాల్లోకి చిమ్మితే క్లోరిన్ త్వరగా తగ్గిపోతుంది. క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల క్రిమి అయితే సరిగ్గా క్లోరిన్ వేసిన నీళ్ళలో కూడా రోజుల తరబడి బతుకుతుంది. అందుకే మంచి ప్లాంట్లలో యూవీ దీపం కూడా పెడతారు. విరేచనాలైన పిల్లని నీళ్ళలోకి తేకూడదు. మూతి పెట్టి తాగనివ్వకూడదు, గంటకోసారి బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలి.

పూల్ దగ్గర ముక్కు మండేంత ఘాటు వస్తే "క్లోరిన్ బాగా వేశారు, శుభ్రంగా ఉంది" అనుకుంటాం. ఆ ఘాటు చాలావరకు చెమట, మూత్రంతో కలిసిన క్లోరిన్‌ది. నీళ్ళలో దిగే ముందు స్నానం చేయమనేది అందుకే. టెస్ట్ స్ట్రిప్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ముంచి చూస్తే ఫ్రీ క్లోరిన్ (క్రిములని చంపడానికి ఇంకా మిగిలున్న క్లోరిన్) కనీసం 1 పీపీఎం, అంటే లీటరుకి 1 మిల్లీగ్రాము, పీహెచ్ 7 నుంచి 7.8 మధ్య ఉండాలి. పంపు లైన్‌కి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఎర్త్ లీకేజీ బ్రేకర్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. నీళ్ళు, కరెంటు, తడికాళ్ళ పిల్లలు ఒకేచోట ఉన్నప్పుడు ఇందులో మొహమాటం వద్దు.

బెళ్ళందూరు బాబాయ్:
అందరికీ థాంక్స్. చిన్నదానితో ఫన్ వరల్డ్, పెద్దాడికి ఈత క్లాసు అని ఇంట్లో ఒప్పందం కుదిరింది. బిడది గురించి వాడింకా బేరమాడుతున్నాడు. కొటేషన్ తెప్పించి చూశాను: ట్యాంక్ లేదు, ఫిల్టర్ లేదు, నాజిళ్ళు పన్నెండు. "నీళ్ళు గార్డెన్‌లోకి వెళ్తాయి సార్, వేస్ట్ ఏం లేదు" అంటున్నాడు.

పైపులు పంపులు:
గంటకి 12,000 లీటర్ల పైన తాగే గార్డెన్ లాల్‌బాగ్ సైజులో ఉండాలి. వద్దనండి.

కేఆర్ పురం కర్నూలోడు:
మీటింగ్‌కి పోయేటప్పుడు పోయిన మే నెల టాంకర్ బిల్లు ప్రింట్ తీసుకుపో అన్నా. కొటేషన్ పక్కన పెట్టి చూపించు. వాన నీళ్ళ గుంత మీద బైక్ పెట్టింది ఎవరో కూడా అప్పుడే అడుగు.