చెల్లి పెళ్లి మూడు రోజులు: ఆటిజం ఉన్నవాళ్లు ఎలా తట్టుకుంటున్నారు?

ప్రశ్న (కరీంనగర్ అబ్బాయి)
నాకు 33. ఆటిజం అని పోయినేడాదే తేలింది. అప్పటిదాకా చుట్టాలందరికీ నేను ముభావి, పొగరుబోతు. వచ్చే నెల బాబాయి కూతురి పెళ్లి. తనకి సొంత అన్నదమ్ములు లేరు, లాజహోమంలో పేలాలు నేనే పోయాలి.

కిందటి పెళ్లిలో గట్టిమేళం మోగగానే నాకు మాట ఆగిపోయింది. పెద్దమ్మ "ఎప్పుడొచ్చినవ్ రా" అంటే నోరు తెరిచాను, గొంతు రాలేదు. కారు వెనక సీట్లో తువ్వాలు కప్పుకుని రెండు గంటలు పడుకున్నా. ఆ తర్వాత వారం రోజులు స్నానానికి కూడా ఓపిక లేదు. డాక్టరు డిప్రెషన్ అని మందులు రాశారు. మీరెలా నెట్టుకొస్తున్నారు?

విశాఖ అక్క
తమ్ముడూ, దాన్ని షట్‌డౌన్ అంటారు. నాకూ అంతే, 41 ఏళ్లు నాకు. ముందురోజు సాయంత్రం ఖాళీ హాలుకి వెళ్లి స్పీకర్లు ఎక్కడ కడుతున్నారో చూసుకో. ఒక గది తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. చెవిలో ఫోమ్ ప్లగ్స్ పెట్టుకుంటే డోలు దెబ్బ తగ్గుతుంది, దగ్గరకొచ్చి మాట్లాడేవాళ్లు వినపడతారు. నా జేబులో ఎప్పుడూ రెండు చింతగింజలుంటాయి. వేళ్ల మధ్య ఆ నున్నదనం తిరుగుతుంటే ఊపిరి సర్దుకుంటుంది.

ఏదో ఒక పని అడిగి తీసుకో. తాంబూలం సంచులు సర్దేవాణ్ణి ఎవరూ "పెళ్లెప్పుడు" అని నిలదీయరు. పెళ్లయ్యాక మూడు రోజులు సెలవు ఇప్పుడే పెట్టెయ్. అది అన్నిటికన్నా ముఖ్యం.

గుంటూరు నుంచి
మా ఆయనకీ ఆటిజమేనండి. మాట రానప్పుడు వాచీ ఎడమ చేతి నుంచి కుడి చేతికి మార్చుకుంటారు, నేను చూసి బయటికి తీసుకెళ్తాను. మీకూ అలా కనిపెట్టి ఉండే మనిషి ఒకరుండాలి.

రాత్రి డ్యూటీ నర్సు
మందులు మాత్రం సొంతంగా ఆపకండి. బర్నౌట్ (ఎక్కువ రోజులు తట్టుకుని తట్టుకుని ఒళ్లూ మనసూ పూర్తిగా అలసిపోవడం), డిప్రెషన్ రెండూ కలిసి కూడా ఉండొచ్చు. ఆటిజం అని తేలిన సంగతి ఆ డాక్టరుకి చెప్పండి. మరీ తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

కరీంనగర్ అబ్బాయి
అక్కా, తాంబూలం సంచులు నావేనని బాబాయికి చెప్పేశా. సెలవు కూడా పెట్టాను. నిన్న ధైర్యం చేసి చెల్లికి మొత్తం చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, హోమగుండం దగ్గరున్న స్పీకరు తీయించేస్తా" అంది.